జెనీవాలో బాగున్నం.. జగిత్యాలలో?

పరీక్ష రాసేది తానే. పేపర్ దిద్దేది తానే. మార్కులు వేసుకునేది తానే. ఆఖరికి ఊరందరికీ మిఠాయి పంచేది కూడా తానే. ఇట్లాంటి విద్యార్థిని ఏ బడిలోనైనా చూశారా? మేము చూశాం. ఆ విద్యార్థి పేరు సర్కారు. ఆ పరీక్ష పేరు మహిళా హక్కులు.

మహిళా హక్కుల మీద మన దేశ ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి పంపే నివేదికలు చదివితే ఇక్కడి ఆడవాళ్లకు ఏ కొదవా లేదనిపిస్తుంది. పేజీకో చట్టం, పేరాకో పథకం. కమిటీలు, కమిషన్లు, సెల్‌లు, హెల్ప్‌లైన్లు. తల్లి కడుపులో పడ్డప్పటి నుంచి కాటికి పోయేదాకా ప్రతి ఆడమనిషి చెయ్యి పట్టుకొని ఏదో ఒక పథకం నడిపిస్తున్నట్టే ఉంటుంది. అదే నివేదికను జగిత్యాలలో పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టే అక్కకు చదివి వినిపిస్తే ఏమంటుంది? "ఇది ఏ దేశం ముచ్చట బిడ్డా?" అని అడుగుతుంది.

కానీ ఆ అక్కకు ఎవరూ చదివి వినిపించరు. అసలు రోగం అక్కడే ఉంది. ఎవరి బతుకు గురించి రాశారో వాళ్లకు తప్ప మిగతా అందరికీ చేరే కాగితం అది. 610 జీవో అమలైందని ఎన్ని రకాల లెక్కలు చూపించారో కండ్లారా చూసిన ప్రాంతం మనది. సర్కారు తన హామీకి తానే సర్టిఫికెట్ ఇచ్చుకుంటే ఆ సర్టిఫికెట్‌కు ఎంత విలువ ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఒప్పుకున్నదేంది?

మహిళలపై అన్ని రకాల వివక్షను నిర్మూలించే ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి 1979 డిసెంబర్ 18న ఆమోదించింది. పొడి అక్షరాలతో దీన్ని 'సీడా' అంటారు. మన ప్రభుత్వం 1980 జూలైలో దానిమీద సంతకం పెట్టింది. సంతకం పెడితే సరిపోదు, ధ్రువీకరిస్తేనే కట్టుబడినట్టు. ఆ రెండో పనికి మనోళ్లకు 13 ఏండ్లు పట్టింది. 1993 జూలై 9న గానీ ధ్రువీకరించలేదు.

ఆ ఒప్పందంలోని 18వ అధికరణం చాలా సాఫ్‌గా ఉంది. ధ్రువీకరించిన దేశం ఏడాదిలోపు మొదటి నివేదిక ఇవ్వాలి. ఆ తర్వాత కనీసం నాలుగేండ్లకోసారి ఇస్తూ పోవాలి. 23 మంది నిపుణులున్న కమిటీ దాన్ని చదువుతుంది. ప్రభుత్వ ప్రతినిధులను ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతుంది. ఆ తర్వాత ఏం బాగుంది, ఏం బాగాలేదు, ఏం చేయాలి అని రాసిస్తుంది.

మరి మన ప్రభుత్వం ఏం చేసింది? 1994లో ఇవ్వాల్సిన మొదటి నివేదికను 1999లో ఇచ్చింది. 2000 జనవరిలో దానిమీద విచారణ జరిగింది. రెండో నివేదిక, మూడో నివేదిక కలిపి ఒకే కట్ట కట్టి 2005లో పంపింది. 2007 జనవరిలో విచారణ. నాలుగు, ఐదు మళ్లీ ఒకే కట్ట. 2014 జూలైలో విచారణ. ఆరో నివేదిక 2018 జూలైలో ఇవ్వాలని కమిటీ అడిగింది. ఆ గడువు కూడా నివేదిక లేకుండానే దాటిపోయింది. ధ్రువీకరించిన నాటి నుంచి 2014 దాకా 21 ఏండ్లు. అన్ని ఏండ్లలో ఈ మామూలు విచారణ జరిగింది మూడంటే మూడుసార్లు.

మహిళా సంఘం ఒక నెల వాయిదా తప్పితే గ్రూపు గ్రూపంతటినీ బ్యాంకు ముందు నిలబెడతారు. ఇంటి ముందుకొచ్చి పరువు తీస్తారు. తన వాయిదా ఐదేండ్లు తప్పిన సర్కారును మాత్రం నిలబెట్టేవాడు లేడు.

షరతులు వర్తిస్తాయి

ఆలస్యం సంగతి అటుంచుదాం. ధ్రువీకరించేటప్పుడే మన ప్రభుత్వం కొన్ని ప్రకటనలు జతచేసింది. వివాహం, కుటుంబం, ఆచారాల విషయంలో ఏ సమాజమైనా తానుగా ముందుకొచ్చి ఒప్పుకుంటే తప్ప జోక్యం చేసుకోబోమని అందులో రాసింది. సమాజం ఒప్పుకోవడమంటే ఎవరు ఒప్పుకోవాలి? కులపెద్దనా, మతపెద్దనా? ఆ ఇంట్లో తన్నులు తినే ఆడమనిషి ఆ 'సమాజం'లో మనిషి కాదా? ఆమె సమ్మతి ఎవరడిగారు?

ఇంకో ప్రకటన మరీ విచిత్రం. పెండ్లిండ్లన్నిటినీ తప్పనిసరిగా రిజిస్టర్ చేయాలనే సూత్రం మంచిదేగానీ, ఇంత పెద్ద దేశంలో, ఇన్ని ఆచారాలు, మతాలు, ఇంత తక్కువ చదువు ఉన్నచోట అది ఆచరణ సాధ్యం కాదని చెప్పింది. సరే, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2002లోనే వివాహాల తప్పనిసరి రిజిస్ట్రేషన్ చట్టం చేసింది. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయమంది. ఊళ్లో సాధ్యమైనది, కోర్టు చేయమన్నది, ఐక్యరాజ్యసమితి కాగితంలో మాత్రం అసాధ్యంగానే మిగిలింది. ఆ ప్రకటనలను మరోసారి చూడండని 2014లో కూడా కమిటీ అడగాల్సి వచ్చింది.

దేశంలో అన్ని గడపలూ తొక్కినా న్యాయం దొరకని మహిళ నేరుగా ఆ కమిటీకే ఫిర్యాదు చేసుకునే దారి ఒకటుంది. 1999లో వచ్చిన అదనపు ఒప్పందం ఆ దారి తెరిచింది. అందులో మన ప్రభుత్వం చేరలేదు. అంటే లెక్క తేలిపోయింది. ఆ గదిలో మాట్లాడే హక్కు సర్కారుకుంది. ఆడమనిషికి లేదు.

చట్టమే ప్రగతి అట!

నివేదికలు రాసే సార్లకు ఒక అలవాటుంది. ఆడవాళ్లకు ఏం జరిగిందో రాయరు. తాము ఏం జారీ చేశారో రాస్తారు. చట్టం చేశాం. జీవో ఇచ్చాం. కమిటీ వేశాం. వర్క్‌షాప్ పెట్టాం. డాక్టర్ రోగి ఎట్లున్నాడో చెప్పకుండా, తాను ఎన్ని చిట్టీలు రాశాడో చెప్పినట్టు ఉంటుంది.

భన్వరీదేవి సంగతే చూడండి. రాజస్థాన్‌లో ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో పనిచేసిన కింది స్థాయి కార్యకర్త. సర్కారు చెప్పిన పనే చేసింది, బాల్యవివాహాన్ని అడ్డుకోబోయింది. అందుకు పగబట్టి 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం చేశారని కేసు. 1995లో కింది కోర్టు నిందితులపై అత్యాచార నేరం రుజువు కాలేదని తేల్చింది. మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకు పోయాయి. 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు వచ్చింది. పనిచేసే చోట లైంగిక వేధింపులకు దేశంలో చట్టం లేదు కాబట్టి, ఈ సీడా ఒప్పందాన్నే ఆధారం చేసుకొని కోర్టు తానే మార్గదర్శకాలు ఇచ్చింది. పార్లమెంటు ఆ పనికి చట్టం చేసింది 2013లో. తీర్పు తర్వాత 16 ఏండ్లకు!

విశాఖ తీర్పును, 2013 చట్టాన్ని సర్కారు తన ప్రగతి ఖాతాలో రాసుకుంటుంది. తనకోసం పనిచేసి బలైన మహిళకు న్యాయం ఇప్పించలేకపోయిన సంగతి ఏ ఖాతాలో రాస్తుంది? పోరాడింది ఆడవాళ్లు, తీర్పు ఇచ్చింది కోర్టు, 16 ఏండ్లు నిద్రపోయింది సర్కారు. నివేదికలో పేరు మాత్రం సర్కారుదే.

మన పక్కకే వద్దాం. 2019 నవంబర్‌లో హైదరాబాద్ శివారులో యువ డాక్టర్‌పై జరిగిన ఘోరం తర్వాత, ఆ డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 'దిశ' బిల్లు పాస్ చేసింది. 21 రోజుల్లో తీర్పు అన్నారు. దిశ పోలీస్ స్టేషన్లు తెరిచారు, యాప్ తెచ్చారు, హోర్డింగులు పెట్టారు. కానీ ఆ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం రాలేదు. చట్టం కాని చట్టానికి ప్రారంభోత్సవాలు జరిగాయి. ఆపదలో ఉన్న ఆడపిల్ల చట్టం ఉందనుకొని స్టేషన్ మెట్లెక్కితే ఆమెకు దొరికేది బోర్డు మాత్రమే. తెలంగాణ వైపు ఇంకో రకం. అదే కేసులో నలుగురు నిందితులను 2019 డిసెంబర్ 6న పోలీసులు కాల్చి చంపారు. పూలు చల్లారు, స్వీట్లు పంచారు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ తర్వాత తేల్చింది. చట్టం లేకుండానే ఒకచోట ప్రగతి, విచారణ లేకుండానే ఇంకోచోట ప్రగతి. ఆడవాళ్లు రాత్రి బస్టాండులో నిర్భయంగా నిలబడగలుగుతున్నారా అన్న ప్రశ్న రెండుచోట్లా అట్లాగే ఉంది.

గృహహింస చట్టం 2005లో చేశారు, 2006 అక్టోబర్ నుంచి అమలు. బాధితురాలికి అండగా రక్షణ అధికారి ఉండాలన్నది దాని గుండెకాయ. మన దగ్గర ఆ బాధ్యతను జిల్లాలో అప్పటికే ఉన్న శాఖాధికారికి అదనపు పనిగా అంటగట్టారు. అంగన్‌వాడీలు చూసుకోవాలి, హాస్టళ్లు చూసుకోవాలి, మీటింగులకు పోవాలి, మధ్యలో తీరికుంటే తన్నులు తిన్న ఆడమనిషి గోడు వినాలి. నివేదికలో మాత్రం 'రక్షణ అధికారులను నియమించాం' అన్న ఒక్క వాక్యంతో పని అయిపోతుంది.

పెరిగినా ప్రగతే, తగ్గినా ప్రగతే

పోలీసు లెక్కల మాయ ఇంకా గమ్మత్తు. మహిళల మీద నేరాల కేసులు పెరిగితే 'అవగాహన పెరిగింది, ధైర్యంగా ముందుకొస్తున్నారు' అంటారు. తగ్గితే 'నేరాలు అదుపులోకి వచ్చాయి' అంటారు. బొమ్మ పడినా వాళ్లదే గెలుపు, బొరుసు పడినా వాళ్లదే గెలుపు. ఓడిపోయేది ఎప్పుడూ ఒక్కరే.

పోలీసు రికార్డు పక్కన పెట్టి ఇంటింటికీ తిరిగిన సర్వే చూద్దాం. ఇది కూడా సర్కారు సర్వేనే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21. పెండ్లయిన మహిళల్లో భర్త చేతిలో హింస అనుభవించినవారు దేశంలో 29.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం, తెలంగాణలో 36.9 శాతం. హింస అనుభవించిన వాళ్లలో సాయం కోసం ఎవరినైనా ఆశ్రయించినవాళ్లు దేశం మొత్తమ్మీద 14 శాతమే. ఆ సాయం కూడా ఎక్కువమంది అడిగింది పుట్టింటివాళ్లను, పోలీసులను కాదు. మరి ఠాణా రిజిస్టర్ చూసి ఆడవాళ్ల భద్రతను కొలిచేవాళ్లను ఏమనాలి?

చూపే అంకె, దాచే అంకె

మేము ప్రతి అంకెనూ అబద్ధం అనడం లేదు. మంచి జరిగినచోట జరిగిందనే అంటాం. తెలంగాణలో ప్రతి లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2018-20 లెక్కల్లో 43కు తగ్గాయి. ఆంధ్రప్రదేశ్‌లో 45. దేశం సగటు 97. ఇది చిన్న విషయం కాదు. ఆ తల్లులు బతికారంటే ఏఎన్ఎంలు, ఆశా అక్కలు అర్ధరాత్రి ఆటోలు ఎక్కించి దవాఖానాకు తీసుకుపోయినందుకు బతికారు.

అయితే ఇక్కడే చూపే అంకె, దాచే అంకె అనే ఆట మొదలవుతుంది. ఆసుపత్రి కాన్పులు తెలంగాణలో 97 శాతం అని చూపిస్తారు. నిజమే. అదే సర్వేలో పక్క పేజీ తిప్పితే కడుపు కోసి తీసిన కాన్పులు 60.7 శాతం. దేశంలో 21.5 శాతమే. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. నూటికి ఎనభై మంది తల్లులకు కోత లేకుండా కాన్పు కాదా? కోతకో రేటు ఉన్నచోట తల్లి కడుపు వ్యాపారం అయింది. మొదటి అంకె ఉపన్యాసంలోకి పోతుంది, రెండో అంకె అనుబంధంలో పడుకుంటుంది.

గర్భసంచి తీసేసిన లెక్క అయితే ఆ ఉపన్యాసాల్లోకే రాదు. 2015-16 సర్వేలో 15 నుంచి 49 ఏండ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. రెండింతలు దాటింది. కూలికి పోయే ఆడవాళ్లు ముప్పై ఐదేండ్లకే గర్భసంచి తీయించుకొని, నడుం నొప్పితో, ఎముకల నొప్పితో మంచాన పడుతున్నారు. 'ఆరోగ్య సేవలు అందుబాటులోకి వచ్చాయి' అన్న వాక్యం వెనక ఈ నొప్పి కూడా ఉంది.

రక్తహీనత? అదే 2019-21 సర్వేలో తెలంగాణ మహిళల్లో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. పద్దెనిమిది నిండకముందే పెండ్లయిన ఆడపిల్లలు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. బాల్యవివాహ నిషేధ చట్టం 2006ది. చట్టం పేరు నివేదికలో ఉంటుంది. ఆ పిల్లల పేర్లు పెండ్లి కార్డుల మీద ఉంటాయి.

అడిగింది ఒకటి, లెక్కేసింది ఇంకొకటి

సాధికారత అంటే సర్కారు వెంటనే స్వయం సహాయక సంఘాల సంఖ్య చెబుతుంది. ఇన్ని లక్షల సంఘాలు, ఇన్ని వేల కోట్ల రుణాలు, ఇంత శాతం తిరిగి చెల్లింపు. అప్పు తీర్చడం సాధికారత ఎప్పుడైంది? అది బ్యాంకు ప్రగతి, ఆడమనిషి ప్రగతి కాదు. ఆ అప్పుల మీద మైక్రో ఫైనాన్స్ కంపెనీలు ఎగబడి, వసూళ్ల వేధింపులతో ప్రాణాలు తీసుకునే దాకా పోతేనే కదా 2010 అక్టోబర్‌లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది?

ఆడవాళ్లు తమంత తాము లేచి అడిగింది ఒకటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి రాష్ట్రమంతా అంటుకున్న సారా వ్యతిరేక ఉద్యమం. ఏ ఐక్యరాజ్యసమితీ చెప్పలేదు. ఏ పథకమూ నేర్పలేదు. చీపుర్లు, కారంపొడి పట్టుకొని సారా దుకాణాల ముందు నిలబడ్డారు. 1993లో సారా బంద్ అయింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. ఖజానాకు మందు పైసలు కావాలి మరి! ఆడవాళ్లు గెలుచుకున్నదాన్ని రెండేండ్లలో గుంజుకున్న సంగతి వెనకడుగు కాదా? ఊరూరా బెల్టు షాపు పెట్టి, ఆ ఊళ్లోనే సాధికారత సదస్సు పెడితే నమ్మాలా?

భూమి సంగతి అడగండి, గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుంది. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాల్లో మహిళల పేరున నడిచేవి 13.96 శాతం. నాటు, కలుపు, కోత ఆమెవి. పట్టా పాసుబుక్ ఆయనది. ఇంటిపని లెక్క 2019 కాలవినియోగ సర్వేలో తేలింది. ఇంటి పనులు చేసే మహిళ రోజుకు 299 నిమిషాలు చేస్తే, మగవాడు 97 నిమిషాలు చేస్తాడు. ఐదు గంటల జీతం లేని కొలువు!

పైసలు ఎటు పోయాయి?

2005-06 నుంచి కేంద్రం బడ్జెట్‌లో మహిళల పద్దు అని విడిగా ఒక లెక్క చూపుతోంది. మంచిదే. కానీ పల్లెల్లో ఇండ్లు కట్టే ప్రధానమంత్రి ఆవాస్ యోజన మొత్తాన్ని నూరు శాతం మహిళల ఖర్చు కింద చూపించారు. ఇంట్లో ఆడమనిషి ఉంది కాబట్టి ఇల్లంతా ఆడవాళ్ల ఖర్చే అన్నమాట! రేపు ఆ ఇంటి ముందు రోడ్డు వేసి, ఆమె కూడా నడుస్తుంది కాబట్టి అదీ మహిళల పద్దే అంటే ఏం చేస్తాం?

ఆడపిల్లను కాపాడు, చదివించు అని 2015 జనవరిలో 'బేటీ బచావో బేటీ పఢావో' మొదలుపెట్టారు. 2016 నుంచి 2019 వరకు ఆ పథకానికి విడుదలైన 446.72 కోట్ల రూపాయల్లో 78.91 శాతం ప్రచారానికే ఖర్చయిందని పార్లమెంటు కమిటీయే 2021లో చెప్పింది. రూపాయిలో దాదాపు 79 పైసలు! బిడ్డ చదువుకు కాదు, బిడ్డ బొమ్మకు.

సగటులో మాయమైన ఆడవాళ్లు

'భారత మహిళ' అని ఒకరే ఉన్నట్టు నివేదిక రాస్తారు. దళిత మహిళ, ఆదివాసీ మహిళ, ముస్లిం మహిళ, జోగిని, బీడీ కార్మికురాలు అందరూ ఆ సగటులో కలిసి మాయమైపోతారు. 2000 సంవత్సరంలోనే కమిటీ ఈ సంగతి పట్టుకుంది. అత్యాచారాల నిరోధక చట్టం ఉన్నా దళిత మహిళల మీద హింస ఆగడం లేదని, దేవదాసీ లాంటి ఆచారాలు హింసను ఇంకా పెంచుతున్నాయని రాసింది. మన దగ్గర జోగిని వ్యవస్థను నిషేధిస్తూ 1988లోనే చట్టం వచ్చింది. పాలమూరు, ఇందూరు ఊళ్లలో ఎల్లమ్మ పేరు చెప్పి ఊరి ఉమ్మడి సొత్తు చేసిన దళిత ఆడపిల్లల గోస ఆ చట్టంతో ఆగలేదు.

2007లో కమిటీ ఇంకో మాట అడిగింది. పెద్ద ప్రాజెక్టుల వల్ల ఆదివాసీ, గ్రామీణ మహిళలకు ఏమవుతుందో అధ్యయనం చేయండి, నిర్వాసితులు కాకుండా రక్షణలు పెట్టండి అంది. పోలవరం ముంపు మండలాల్లోని కోయ, కొండరెడ్డి ఆడవాళ్లను అడగండి, ఆ అధ్యయనం తమ ఊరి గ్రామసభలో ఎవరైనా చదివారా అని. 2002 గుజరాత్ మారణకాండలో మహిళలకు ఏం జరిగిందో విడిగా నివేదిక ఇవ్వమని కూడా ఆ కమిటీ అప్పుడే అడిగింది. దానిమీద చర్చ 2010లో జరిగింది. ఎనిమిదేండ్లకు!

వాకపల్లిని మరిచిపోదామా? 2007 జనవరిలో న్యూయార్క్‌లో మన ప్రతినిధులు మహిళల ప్రగతి గురించి చెప్పి వచ్చారు. అదే ఏడాది ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో 11 మంది కోందు ఆదివాసీ మహిళలు, గ్రేహౌండ్స్ పోలీసులు తమపై సామూహిక అత్యాచారం చేశారని చెప్పారు. అప్పటి నుంచి ఆ ఆడవాళ్లు కొండ దిగి కోర్టుల చుట్టూ తిరిగారు. పదిహేనేండ్లు దాటాక, 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు నిందితులందరినీ నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తు తీరును తప్పుపట్టి, బాధిత మహిళలకు పరిహారం ఇమ్మని కూడా అదే కోర్టు చెప్పింది. బాధితురాలు ఉంది, నేరస్థుడు లేడు, దర్యాప్తు చెడగొట్టిన సర్కారు ఉంది. దీన్ని ఏ కాలమ్‌లో రాస్తారు సార్లూ?

మన ఇంటి ముచ్చట

ఢిల్లీని తిట్టి చేతులు కడుక్కుంటే మేము కూడా ఆ నివేదిక రాసే సార్ల లెక్కనే అవుతాం. మన ఇంటి ముచ్చట కూడా చెప్పుకోవాలి. ఉద్యమంలో బతుకమ్మలు ఎత్తుకొని రోడ్డెక్కింది ఆడబిడ్డలు. రైలు పట్టాల మీద కూర్చుంది ఆడబిడ్డలు. లాఠీలు తిన్నది ఆడబిడ్డలు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ రోజు నుంచి 2019 సెప్టెంబర్ 8 దాకా, ఐదేండ్లకు పైగా, తెలంగాణ మంత్రివర్గంలో ఒక్కటంటే ఒక్క మహిళ లేదు. బోనం ఎత్తడానికి ఆడబిడ్డ కావాలి, కుర్చీలో కూర్చోవడానికి పనికిరాదా? ఏ వలస పాలకుడు చేశాడు ఈ పని? మనోళ్లే చేశారు.

చట్టసభల్లో మూడోవంతు సీట్ల బిల్లు మొదటిసారి 1996లో పార్లమెంటు ముందుకొచ్చింది. 2023లో పాసైంది. కొత్త జనగణన, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలు అని అందులోనే మెలిక పెట్టారు. 27 ఏండ్లు చూసినవాళ్లకు పోస్ట్‌డేటెడ్ చెక్కు ఇచ్చి, సంబరాలు చేసుకోమన్నారు.

ఇంకో సంగతి. పిల్లల బరువు, గర్భిణుల లెక్క, టీకాల లెక్క ఎవరు తెస్తారు? అంగన్‌వాడీ టీచర్, ఆశా అక్క. జెనీవా దాకా పోయే ప్రతి అంకె మొదట వాళ్ల రిజిస్టర్లోనే పుడుతుంది. వాళ్లను ఉద్యోగి అనరు. గౌరవ వేతనం అంటారు. గౌరవమూ లేదు, వేతనమూ లేదు. 2023 డిసెంబర్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేస్తే, అక్కడి ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. మహిళల ప్రగతి లెక్క రాసే మహిళ మీదనే ఎస్మా! ఇంతకన్నా అసలైన నివేదిక ఏం కావాలి?

నిజం రాసిన నివేదిక ఒకటుంది

నివేదికలన్నీ ఇట్లాగే ఉంటాయా? కాదు. నిజం రాసిన నివేదిక ఈ దేశంలోనే ఒకటుంది. కేంద్రం 1971లో ఒక కమిటీ వేసింది. ఫుల్‌రేణు గుహ అధ్యక్షురాలు, వీణా మజుందార్ సభ్య కార్యదర్శి. వాళ్లు దేశమంతా తిరిగారు, ఆడవాళ్లతో మాట్లాడారు, సర్కారు లెక్కలనే తిరగేసి చదివారు. 'సమానత్వం వైపు' అనే పేరుతో 1974 చివర్లో నివేదిక ఇచ్చారు. వెయ్యిమంది మగవాళ్లకు ఆడవాళ్లు 1901లో 972 ఉంటే, 1971 నాటికి 930కి పడిపోయారని, స్వాతంత్య్రం వచ్చాక కూడా ఆడవాళ్ల పరిస్థితి చాలా విషయాల్లో వెనక్కే పోయిందని కుండబద్దలు కొట్టారు.

ఆకాశం కూలిందా? దేశం పరువు పోయిందా? లేదు. ఆ నివేదిక తర్వాతే ఆడవాళ్ల ప్రశ్న విశ్వవిద్యాలయాల్లోకి, ప్రణాళికల్లోకి, వీధుల్లోకి వచ్చింది. నిజం చెబితే పరువు పోదు. అబద్ధం దొరికితే పోతుంది.

'మన ఇంటి గుట్టు బయటోళ్లకు ఎందుకు?' అని కొందరు పెద్దమనుషులు అడుగుతారు. అయ్యా, గడప లోపలి గుట్టు అన్న మాటతోనే కదా ఆడమనిషిని ఇన్ని తరాలు తన్నింది? ఇంట్లో భర్త చెప్పే మాటనే దేశానికి మీరు చెబుతున్నారు. పైగా ఒప్పందం మీద సంతకం పెట్టింది మీరే, ఎవరూ చెయ్యి పట్టి పెట్టించలేదు.

ఊరి నడుమ చదవండి

ఉపాధి హామీ పనుల్లో మన రాష్ట్రంలో 2006 నుంచి సామాజిక తనిఖీ జరిగింది. మస్టర్ రోల్ ఊరి నడుమ చదివారు. 'నేను ఆ పనికి పోనే లేదు, నా పేరెట్లొచ్చింది?' అని కూలి అమ్మ లేచి అడిగింది. చచ్చినోళ్ల పేర్లతో తీసిన కూలి బయటపడింది. అక్షరం రాని తల్లి ఆఫీసర్ లెక్కను పట్టుకుంది. అదే పద్ధతి మహిళా హక్కుల నివేదికకు ఎందుకు పనికిరాదు?

మా డిమాండ్లు సాఫ్‌గా ఉన్నాయి. ఐక్యరాజ్యసమితికి పంపేముందు నివేదికను తెలుగులో అచ్చువేయండి. శాసనసభలో పెట్టి చర్చించండి. ఏ జిల్లాలో ఎంత, ఏ కులంలో ఎంత, ఏ తెగలో ఎంత అని విడగొట్టి లెక్క చెప్పండి. చేసిన చట్టం పక్కన దానికి ఇచ్చిన పైసలు, పెట్టిన సిబ్బంది, శిక్ష పడిన కేసులు రాయండి. ముందుకు పోయింది రాసినట్టే వెనక్కు పోయింది కూడా రాయండి. దాన్ని గ్రామసభలో, బస్తీలో, బీడీ కార్ఖానా ముందు చదివి వినిపించండి. ఆడవాళ్లు చెప్పిన అభ్యంతరాలను కలిపి పంపండి. ఆడమనిషి నేరుగా ఫిర్యాదు చేసుకునే అదనపు ఒప్పందంలో చేరండి.

సర్కారు చదవకపోతే? మనమే చదువుదాం. సర్కారు నివేదికకు ఎదురు నివేదిక ఇచ్చే హక్కు మహిళా సంఘాలకు ఉంది. ఇంతకుముందు విచారణల్లో సంఘాలు ఇచ్చాయి కూడా, కమిటీ వాటిని చదివి ప్రతినిధులను నిలదీసింది. ఆ పనిని హైదరాబాద్‌లోని నాలుగు ఆఫీసులకే వదిలేయకుండా, ప్రతి మండలం నుంచి రాద్దాం. మా మండలంలో ఇన్ని పెండ్లిండ్లు పద్దెనిమిది నిండకముందు అయ్యాయి. ఇంతమంది గర్భసంచులు తీశారు. రక్షణ అధికారి ఎవరో ఇంతమందికి తెలియదు. పట్టా ఇంతమంది ఆడవాళ్ల పేరున ఉంది. నాలుగు లెక్కలు, ఒక కాగితం, కింద సంతకాలు, వేలిముద్రలు.

పరీక్ష రాసేది సర్కారు. దిద్దాల్సింది ఆడవాళ్లు. ఎర్ర ఇంకు పెన్ను ఇన్నాళ్లూ ఆఫీసర్ జేబులో ఉంది. దాన్ని జగిత్యాల బీడీల అక్క చేతికిద్దాం. అప్పుడు తెలుస్తుంది, పాసెవరో, ఫెయిలెవరో!